టైగర్‌మిల్క్ చెవిలోంచి పోవడం లేదు: ఇది ఇష్టమా, పిచ్చా?

ప్రశ్న: మాది కల్వకుర్తి. మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సీనియర్ అక్క ఒకామె బెల్ అండ్ సెబాస్టియన్ అనే స్కాట్లాండ్ బ్యాండ్ మొదటి ఆల్బం ‘టైగర్‌మిల్క్’ పంపింది. అప్పటి నుంచి ఇంకే పాటా ఎక్కడం లేదు. సగం మాటలు అర్థం కావు. రూమ్మేట్లు ఏడుపు పాటలని నవ్వుతున్నారు. ఇది నిజంగా మంచి ఆల్బమేనా, నాకొక్కదానికే అలా అనిపిస్తోందా? మాటలు అర్థం కాకుండా ఇష్టపడటం కూడా ఇష్టమేనా? దీని తర్వాత ఏం వినాలి? రికార్డ్ ప్లేయర్ కొనుక్కుంటే ఇంకా బాగా వినిపిస్తుందా?

సమాధానం:

ముందు నీ ఆఖరి ప్రశ్న తీసుకుంటా బిడ్డా, డబ్బు పోయేది అందులోనే కాబట్టి. రికార్డ్ ప్లేయర్ కొనకు. ఆన్‌లైన్‌లో సూట్‌కేసులా మూసుకునే చవక ప్లేయర్లు కనిపిస్తాయి. వాటిలో ముల్లు రికార్డు మీద బరువుగా ఆనుతుంది, లోపలి స్పీకర్లు ఫోన్ స్పీకర్ కంటే కాస్త నయం, అంతే. మంచి ప్లేయర్, యాంప్లిఫయర్, స్పీకర్లు విడిగా కొంటే ఖర్చు ఎక్కడికో పోతుంది. ఆ పైన బయటి దేశం నుంచి వచ్చే ఒక్కో రికార్డుకే వేలు పెట్టాలి. హాస్టల్ గదిలో దాన్ని పెట్టుకునే చోటు కూడా ఉండదు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. బ్యాస్ బూస్ట్ లాంటివి ఆన్ చేసి ఉంటే ఆపెయ్. ఈ ఆల్బంలో గొంతు చాలా మెత్తగా ఉంటుంది, కింద బ్యాస్‌ను ఉబ్బిస్తే అది మునిగిపోతుంది.

నేనెవరినో కూడా చెప్పాలి కదా. తొంభైల్లో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాను. జనం చీటీ మీద పాటలు రాసుకొచ్చేవాళ్లు, నేను ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాణ్ని. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో చిన్న స్టూడియో ఉంది, యూట్యూబ్‌లో పెట్టే జానపద పాటలు రికార్డు చేస్తుంటాం. చీటీ రాసుకుని పాటల్ని విడివిడిగా ఏరుకునే అలవాటు మనవాళ్లలో ఎంత గట్టిదో దగ్గరుండి చూసినవాణ్ని. ఇప్పుడు చీటీ పోయి ప్లేలిస్ట్ వచ్చింది, పద్ధతి అదే. అందుకే ఒక ఆల్బం మొత్తం నిన్ను పట్టుకుందంటే నాకు సంతోషంగా ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువే రాయబోతున్నా.

మంచి ఆల్బమేనా అన్నావు. మంచిదే. నీకొక్కదానికే కాదు, ఆ బ్యాండ్‌ను ప్రేమించే వాళ్లు లోకమంతా ఉన్నారు. కానీ అది పుట్టిన తీరు తెలిస్తే నీ చెవికి ఏం తగులుతోందో ఇంకా బాగా పట్టుకుంటావు.

గ్లాస్గోలో స్టో కాలేజ్ అని ఉండేది. అందులో సంగీత వ్యాపారం నేర్పే కోర్సు ఉండేది. ఆ విద్యార్థులే నడిపే రికార్డు లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, పేరు ఎలెక్ట్రిక్ హనీ. సాధారణంగా ఏడాదికి ఒక సింగిల్, అంటే ఒకటి రెండు పాటల రికార్డు, విడుదల చేసేవాళ్లు, కోర్సులో అదీ భాగమే. 1996లో వాళ్లకు దొరికిన బ్యాండ్ దగ్గర ఒకటి రెండు పాటలు కాదు, ఆల్బానికి సరిపడా పాటలున్నాయి. సరే ఆల్బమే వేద్దామన్నారు. మూడు రోజుల్లో రికార్డింగ్ అయిపోయింది. జూన్‌లో వెయ్యి వినైల్ కాపీలు వేశారు. సీడీ లేదు, క్యాసెట్ లేదు, వెయ్యి రికార్డులు, అంతే. అవి అయిపోయాక ఆల్బం బజారులో లేకుండా పోయింది. పేరు పాకిపోయాక ఆ మొదటి కాపీలకు వందల పౌండ్ల ధర పలికింది. మామూలు మనిషి కొనుక్కోవడానికి మళ్లీ దొరికింది 1999లో, జీప్‌స్టర్ అనే లేబుల్ తిరిగి విడుదల చేశాకే. అదే ఏడాది బ్రిటన్ వాళ్ల పెద్ద సంగీత బహుమతులైన బ్రిట్ అవార్డుల్లో కొత్తవాళ్ల బహుమతి ఈ బ్యాండ్‌కు వచ్చింది. టీవీలో రోజూ కనబడే పాప్ గ్రూపులను కాదని వీళ్లకు రావడంతో ఆ దేశంలో పెద్ద గొడవే అయింది.

మూడు రోజుల్లో పది పాటలంటే స్టూడియోలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఒక్కో లైను ఇరవైసార్లు పాడించి అందులో ముక్కలు ఏరి అతికించే టైం ఉండదు. అందరూ కలిసి వాయిస్తారు, బాగా వచ్చినదాన్ని ఉంచేస్తారు. గొంతు సుతి నుంచి అరపిసరు జారితే జారింది. సుతిని సరిచేసే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్ బజారులోకి వచ్చిందే 1997లో. ఇది అంతకు ముందటి ఏడాదిది. నువ్వు చిన్నప్పటి నుంచి విన్న పాటల్లో చాలావాటి గొంతు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఇందులో గొంతు తిన్నగా ఉండదు, మనిషి పక్కన కూర్చుని పాడినట్టుంటుంది. నీకు మొదట తగిలింది అదేనని నా నమ్మకం.

ఇక ఆ పాటల వెనక కథ. బ్యాండ్ పెట్టిన స్టూవర్ట్ మర్డోక్ అంతకు ముందు దాదాపు ఏడేళ్లు జబ్బు మనిషి. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అంటారు. లేచి నాలుగడుగులు వేస్తే ఒళ్లు కూలబడిపోయే జబ్బు. చదువు ఆగింది, పని లేదు. ఆ ఖాళీలోనే పాటలు రాయడం మొదలుపెట్టాడు. కొంచెం కోలుకున్నాక ఒక చర్చి హాలు పై గదిలో ఉంటూ దానికి కేర్‌టేకర్‌గా పని చేశాడు. బ్యాండ్‌లోని స్టూవర్ట్ డేవిడ్ పరిచయమైంది కూడా నిరుద్యోగ సంగీతకారుల కోసం పెట్టిన ఒక శిక్షణ తరగతిలో. అంటే పాటలు పేరుకోవడానికి ఏళ్లు, రికార్డు చేయడానికి మూడు రోజులు. మొదటి ఆల్బాలు చాలావాటికి ఈ బలం ఉంటుంది. వినేవాళ్లెవరూ లేని రోజుల్లో రాసిన పాటలవి. ఎవరికి నచ్చాలి, ఎన్ని వ్యూస్ రావాలి అన్న టెన్షన్ ఆ రాతలో ఉండదు. మా స్టూడియోకి వచ్చే పిల్లల్లోనూ ఇది చూస్తుంటా. మొదటిసారి తెచ్చిన పాటలో వాళ్ల ఊరు, వాళ్ల మేనత్త, వాళ్ల బాకీలు అన్నీ ఉంటాయి. అది హిట్టయ్యాక తెచ్చే రెండోదాంట్లో మొదటి పాట మాత్రమే ఉంటుంది.

అలాగని ఇది సూత్రం కాదు. ఈ బ్యాండే అదే ఏడాది నవంబరులో ‘ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్’ అనే రెండో ఆల్బం వేసింది. అయిదు నెలలే తేడా. విమర్శకుల్లో ఎక్కువమంది అదే గొప్పదంటారు. పనితనం చూస్తే నేనూ కాదనను. కానీ ఎక్కువసార్లు పెట్టుకునేది మాత్రం టైగర్‌మిల్క్‌నే.

ఇప్పుడు నీకు అసలు చెప్పాలనుకున్న సంగతి. షఫుల్ ఆపు. పది పాటలూ వరసలో విను. పెద్దాయన పాతకాలపు చాదస్తమని అనుకోకు, దీనికి కారణం పాటల్లోనే ఉంది.

మొదటి పాట ‘ద స్టేట్ ఐ యామ్ ఇన్’. ఒక గొంతు, ఒక గిటార్‌తో మెల్లగా మొదలై, ఒక్కొక్కరూ వచ్చి చేరి, చివరికి బ్యాండంతా వాయిస్తుంది. అందులో కథ విను. సోదరి పెళ్లి రోజునే అన్న తన గురించి పెద్ద సంగతి బయటపెడతాడు, కథ చెప్పేవాడేమో తన మీద నుంచి అందరి కళ్లూ మళ్లాయని ఊపిరి పీల్చుకుంటాడు. ఎవరినో దేశం నుంచి పంపేస్తారని, ఆపడానికి హడావుడిగా పెళ్లి చేసుకుంటాడు. చేసినవన్నీ వెళ్లి చర్చిలో ఫాదర్ ముందు ఒప్పుకుంటాడు. ఆ ఫాదర్‌కు విన్నది ఏదీ మరచిపోని జ్ఞాపకశక్తి. ఆ పాపాలన్నిటితో ఒక చిన్న నవల రాసేస్తాడు, దానికి ఈ పాట పేరే పెడతాడు. నవ్వొస్తుందా? రావాలి. నీ రూమ్మేట్లు ఏడుపు పాట అన్నది దీన్నే అయితే వాళ్లు గొంతు విన్నారు, మాట వినలేదు.

ఇప్పుడు పదో పాట ‘మేరీ జో’కు రా. ఇంట్లో ఒంటరిగా టీ తాగుతూ కూర్చున్న ఒక ఆమె పాట అది. ఆమె చేతిలో ఒక పుస్తకం ఉంటుంది. ఏ పుస్తకం? మొదటి పాటలో ఫాదర్ రాసిన ఆ నవలే. మొదటి పాటలో ఒకడి గుట్టు, పదో పాటకు వచ్చేసరికి వాడెవడో తెలియని ఆమె ఇంట్లో అచ్చు పుస్తకమై ఉంది, ఆమెకు అదీ ఏమంత ఊరటనివ్వడం లేదు. మధ్యలో ఎనిమిది పాటలున్నాయి, ఎనిమిది వేరువేరు బతుకులున్నాయి. షఫుల్‌లో పదోది ముందు, మొదటిది తర్వాత వస్తే ఈ ముడి నీకు ఎప్పటికీ తగలదు. ఈ ఒక్క సంగతి కోసమైనా వరసలో వినాలి.

ఇంకో చిట్కా, ఇది వినైల్ వాళ్లకు మాత్రమే సహజంగా దొరికేది. రికార్డుకు రెండు వైపులు, ఇటు అయిదు పాటలు, అటు అయిదు. అయిదో పాట ‘ఎలెక్ట్రానిక్ రెనెసాన్స్’ వినగానే ఇదేంటి, వేరే బ్యాండ్ పాట తప్పి వచ్చిందా అనిపించి ఉంటుంది. గిటార్లు పోయి కీబోర్డు, డ్రమ్ మెషీన్, పైపులోంచి వచ్చినట్టు గొంతు. ఫోన్‌లో వరుసగా పోతుంటే అది అడ్డం తగులుతుంది. నిజానికి అది ఒక వైపు ఆఖరి పాట. అక్కడ రికార్డు ఆగుతుంది, మనిషి లేచి తిప్పి పెడతాడు. నువ్వు కూడా అయిదో పాట అవ్వగానే పాజ్ నొక్కి, మంచినీళ్లు తాగి వచ్చి, ఆరోదానితో మళ్లీ మొదలుపెట్టు. తేడా నీకే తెలుస్తుంది. ఆరో పాట ‘ఐ కుడ్ బి డ్రీమింగ్’ చివర్లో వెనకాల ఒక ఆడగొంతు ఏదో చదువుతూ ఉంటుంది, గమనించావా? బ్యాండ్‌లో చెల్లో వాయించే ఇసబెల్ క్యాంప్‌బెల్ గొంతు అది. చదివేది రిప్ వాన్ వింకిల్ కథ. ఇరవై ఏళ్లు నిద్రపోయి లేచినవాడి కథ. ఏడేళ్లు మంచాన పడ్డ మనిషి పెట్టిన బ్యాండ్ ఆ కథనే ఎందుకు తీసుకుందో నేను విప్పి చెప్పక్కర్లేదు.

ఆల్బం మొత్తం నలభై రెండు నిమిషాలకు అటూ ఇటూ. కల్వకుర్తిలో బస్సు ఎక్కి మొదలుపెడితే జడ్చర్ల రాకముందే అయిపోతుంది. వినడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కిటికీ పక్క సీటు దొరికితే మాత్రం కిటికీ మూసుకో, లేకపోతే సగం పాటలు ఇంజన్‌కే పోతాయి. షఫుల్ ముచ్చట ఎలాగూ వచ్చింది కాబట్టి ఇది కూడా. 2021 నవంబరులో గాయని అడెల్ అడిగితే స్పాటిఫై డబ్బు కట్టేవాళ్లకు ఆల్బం పేజీలో షఫుల్‌ను ముందు పెట్టడం మానేసింది. పాటల వరస కూడా పాట కట్టినవాళ్ల పనేనని ఆమె వాదన. అంత పెద్ద పేరుంటే తప్ప మాట చెల్లలేదనుకో.

మాటలు అర్థం కాకుండా ఇష్టపడటం గురించి. అందులో తప్పేం లేదు. అయితే ఒక తేడా ఉంది, అది మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. మనకు పాట అంటే ఎక్కువగా సినిమా పాట. అందులో ఎవరు ఎవరితో పాడుతున్నారు, ఎందుకు పాడుతున్నారు అన్నది సినిమా ముందే చెప్పేస్తుంది. మాట సరిగ్గా వినబడకపోయినా హీరో మొహం చూసి సందర్భం పట్టుకుంటాం. ఈ ఆల్బానికి సినిమా లేదు. సందర్భం, మనుషులు, వాళ్ల ఊరు, వాళ్ల బడి, అన్నీ పాటలోని మాటలే మోయాలి. అందుకని ఇప్పుడు నీకున్న ఇష్టం నిజమే, కానీ అందులో సగమే నీ చేతికొచ్చింది. మిగతా సగం మాటల్లో ఉంది. పని ఏమంత కష్టం కాదు. రోజుకొక పాట తీసుకో. లిరిక్స్ ముందు పెట్టుకుని ఒకసారి చదువు, తర్వాత చూడకుండా విను. ఆ యాస గ్లాస్గోది, నీ ఇంగ్లిష్‌ది కాదు లోపం. ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు కూడా మొదట్లో తడబడతారు.

రెండో పాట ‘ఎక్స్‌పెక్టేషన్స్’తో మొదలుపెట్టు. బడిలో ఎవరికీ పట్టని ఒక అమ్మాయి ఉంటుంది అందులో. ఆమె తీరిక వేళల్లో చేసే పనేంటో తెలుసా? తన కిష్టమైన బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ వాళ్ల నిలువెత్తు బొమ్మలు మట్టితో చేస్తుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెను చూసి నవ్వుతారు. నీ రూమ్మేట్ల గురించి రాసింది చదవగానే నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది. ఆ పాటలో ట్రంపెట్ లేచే చోటు చూడు. మన పెళ్లి బ్యాండ్‌లో ట్రంపెట్ ఊరంతా వినాలని ఊదుతారు, ఇక్కడ ఒక్క పిల్ల కోసం ఊదినట్టుంటుంది. మొత్తం ఆల్బంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

మెత్తని గొంతు అన్నాను కదా, దాని మీద ఒక మాట. మా దగ్గరికి పాడటానికి వచ్చేవాళ్లలో చాలామంది మైకు ముందు నిలబడగానే అరుస్తారు. గట్టిగా పాడితేనే పాట అనుకుంటారు. డప్పు, క్లాప్స్, కీబోర్డు అన్నీ ఫుల్లుగా పెట్టి పైన గొంతు ఇంకా ఫుల్లుగా పెట్టమంటారు. ఫోన్ స్పీకర్లో, ట్రాక్టర్ మీద వినబడాలి కాబట్టి వాళ్ల లెక్కా తప్పు కాదు. కానీ మన పాలమూరులోనే ఇంకో పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య గారి పేరు నీకు తెలిసే ఉంటుంది, మన నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పండుగ సాయన్న కథ పాడితే ఒక్క కిన్నెర, ఒక్క గొంతు. నారాయణపేట వైపు దాసరి కొండప్ప గారు బుర్రవీణతో పాడతారు, 2024లో ఆయనకూ పద్మశ్రీ ఇచ్చారు. అలాంటి కథ ముందు కూర్చున్నవాళ్లెవరూ మధ్యలో పాట మార్చమని అడగరు. ముందు వచ్చిన పేరు చివర్లో మళ్లీ వస్తుందని తెలిసే కూర్చుంటారు. ఎక్కడో గ్లాస్గో పాట నీకు ఇంత దగ్గరగా అనిపించడానికి ఇది కూడా కారణం కావచ్చు. కథ పాడితే కుదురుగా కూర్చుని వినే ఊళ్లలో పుట్టినదానివి.

సౌండు విషయంలో ఒక్కటే. పక్కన కొత్త సినిమా పాట పెట్టి వెంటనే ఇది పెడితే చిన్నగా, సన్నగా వినిపిస్తుంది. ఇప్పటి పాటల్లో చిన్న చప్పుడు, పెద్ద చప్పుడు రెంటినీ నొక్కి ఒకే ఎత్తుకు తెస్తారు. ఇందులో ఆ తేడా మిగిలే ఉంది. స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ అనే సెట్టింగ్ ఉంటుంది, అది పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి తెస్తుంది, ఆన్‌లోనే ఉంచు. ఇంకా చిన్నగా అనిపిస్తే వాల్యూమ్ రెండు గీతలు పెంచు, అంతకు మించి గెలకొద్దు.

తర్వాత ఏం వినాలంటే, తొందరేం లేదు. ఈ జాతి ఆల్బాలు ఇంకో యాభై చూపించమని ఫోన్‌ను అడిగితే చూపిస్తుంది, అన్నీ సగం సగం విని దేనికీ కాకుండా పోతావు. వరసగా కొన్ని చెప్తాను, ఒక్కోదానితో కొన్నాళ్లు ఉండు.

మొదట అదే బ్యాండ్ రెండో ఆల్బం, పైన చెప్పాను. తర్వాత వెనక్కి వెళ్లు. 1984లో వచ్చిన ద స్మిత్స్ మొదటి ఆల్బం. మాంచెస్టర్ బ్యాండ్. వాళ్లది టైగర్‌మిల్క్‌కు పూర్తిగా ఎదురు కథ. ఒక ప్రొడ్యూసర్‌తో ఆల్బం మొత్తం రికార్డు చేసి, నచ్చక పక్కన పడేసి, జాన్ పోర్టర్ అనే ఇంకొకాయనతో మళ్లీ మొదటి నుంచి చేశారు. ఇప్పటికీ ఆ పారేసిందే బాగుండేదని వాదించే అభిమానులున్నారు. జానీ మార్ గిటార్ కోసం విను. ఒక్క గిటార్ మనిషి ముగ్గురు వాయిస్తున్నట్టు ఎలా నింపుతాడో చూడు. మర్డోక్ పాట కట్టే తీరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. టైగర్‌మిల్క్ అట్ట మీద ఒకే రంగు పూసినట్టుండే ఫోటో ఉంది కదా, పులిబొమ్మకు పాలిస్తున్న ఆమెది, ఆ అట్టల పద్ధతి కూడా స్మిత్స్ వాళ్ల దారే. ఆ మట్టిబొమ్మల పిల్ల కోసం వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1967 నాటి మొదటి ఆల్బం కూడా ఒకసారి విను. కొన్ని పాటలు చెవికి మోటుగా ఉంటాయి, నచ్చకపోతే వదిలెయ్.

ఈ సొంతంగా వేసుకునే పద్ధతి ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే బజ్‌కాక్స్ అనే బ్యాండ్ 1977 జనవరిలో వేసిన ‘స్పైరల్ స్క్రాచ్’ ఉంది, నాలుగే పాటలు. అయిదు వందల పౌండ్లు అప్పు తెచ్చి తామే వేసుకున్నారు. పంక్, అంటే వేగంగా మోటుగా వాయించే రాక్, కాబట్టి నీ చెవికి అంతగా పట్టకపోవచ్చు, కానీ పెద్ద కంపెనీ లేకుండా రికార్డు వేయొచ్చని చాలామందికి ధైర్యమిచ్చింది అదే. 1987 నుంచి 1995 వరకు బ్రిస్టల్ నుంచి నడిచిన సారా రికార్డ్స్ అనే లేబుల్ పేరు గుర్తుపెట్టుకో. మెత్తని గిటార్ల పాటలకు అదొక గని. నూరో రికార్డు వేసి, పార్టీ చేసుకుని, దుకాణం మూసేశారు. బాగా నడుస్తున్నదాన్ని అలా మూయడం నాకైతే చేతకాదు.

మన దేశంలో కూడా చూడు. సిల్క్ రూట్ ‘బూందే’ 1998లో వచ్చింది, అదీ మొదటి ఆల్బమే. పెద్ద కంపెనీ సరుకే అయినా మెత్తదనంలో దీనికి చుట్టమే. షాపులో అప్పుడు నేనే చాలామందికి వినిపించాను. ద లోకల్ ట్రైన్ వాళ్ల ‘ఆలస్ కా పేడ్’, 2015, హిందీలో, కొంచెం గట్టి గిటార్లు. కొచ్చికి చెందిన వెన్ చాయ్ మెట్ టోస్ట్ వాళ్ల మొదటి పూర్తి ఆల్బం 2020లో వచ్చింది, ‘వెన్ వీ ఫీల్ యంగ్’. మరీ తీపి అనిపిస్తుంది నాకు, నీ వయసుకు నచ్చవచ్చు. తెలుగులో చౌరస్తా బ్యాండ్ ఉంది హైదరాబాద్‌లో. ‘ఊరెళ్లిపోతా మామా’ విన్నావా? రెగే నడకలో మన మాట ఎంత సులువుగా కూర్చుంటుందో చూడు. పట్నంలో ఇరుక్కున్న పాలమూరు పిల్లలు దాన్ని ఎందుకు పాడుకున్నారో వేరే చెప్పాలా.

చిన్న బ్యాండ్లు నచ్చితే ఎలా ఆదుకోవాలో కూడా తెలుసుకో. స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటితేనే ఒక ప్లే కింద లెక్క. 2024 నుంచి పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు రాని పాటకు డబ్బే లెక్కకట్టరు. కాబట్టి కొత్త బ్యాండ్ పాటను పది సెకన్లకే దాటించెయ్యకు. బ్యాండ్‌క్యాంప్ అనే సైట్‌లో నేరుగా కొంటే ఆ సైటు డిజిటల్ అమ్మకాల మీద తీసుకునేది పదిహేను శాతం, మిగిలినదాంట్లో చెల్లింపు ఖర్చులు పోను బ్యాండ్‌కే. రికార్డ్ ప్లేయర్‌కు పెట్టాలనుకున్న డబ్బులో కొంచెం అక్కడ పెడితే బాగుంటుంది.

రూమ్మేట్ల సంగతి చివరికి మిగిలింది. వాళ్లను మార్చాలని చూడకు. గదిలో స్పీకర్ పెట్టి అందరికీ వినిపించడం అసలే వద్దు, ఇష్టం లేనివాళ్లకు ఈ గొంతు నిజంగానే విసుగు. ఒక్కరితో, సగం ఆసక్తి ఉన్నవాళ్లతో మొదలుపెట్టు. మొదటి పాట పెట్టకు, నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి మధ్యలోనే లేచిపోతారు. ‘ఎక్స్‌పెక్టేషన్స్’ పెట్టు. ముందు ఆ మట్టిబొమ్మల పిల్ల కథ తెలుగులో చెప్పు, తర్వాత ఒక ఇయర్‌ఫోన్ ఇవ్వు. ట్రంపెట్ దగ్గర కూడా మొహం మారకపోతే ఆ ఇయర్‌ఫోన్ వెనక్కి తీసుకుని మిగతాది నువ్వే విను.